కురుమూర్తిలోని ‘మూర్తి’ ఎక్కడిది?

మాది మహబూబ్‌నగర్ జిల్లా. మా జిల్లాలో కొలువైన దేవుడు కురుమూర్తి స్వామి పేరు మొదట ‘కురుమతి’ అని, వాడుకలో కురుమూర్తి అయిందని మా వైపు కొందరంటారు. అదే నిజమైతే ఇందులో ఉన్నది అసలు ‘మూర్తి’ కాదన్నమాట!

సంస్కృతంలో మూర్తి అంటే గట్టిపడి ఆకారం దాల్చినది. ‘మూర్ఛ్’ ధాతువు దానికి మూలం. స్పృహ తప్పే మూర్ఛ కూడా అందులోంచి వచ్చిందే. పేరుకోవడం నుంచి దేహం, విగ్రహం అనే అర్థాలు రావడం సరే, స్పృహ తప్పడం వైపు ఎలా మళ్లింది? త్యాగమూర్తి అంటే త్యాగమే ఒళ్లు దాల్చిన మనిషి. న్యాయమూర్తిలోనూ అదే భావమా, ఉత్త గౌరవవాచకమా?

‘కురుమతి’ అని రాసిన పాత శాసనం గానీ దస్తావేజు గానీ చూసినవారుంటే దయచేసి చెప్పండి. ఊహలు నా దగ్గరే బోలెడున్నాయి, ఆధారాలు కావాలి.