ఆరు కౌంటీలను ‘అల్స్టర్’ అనవచ్చా?

గౌతమీతీరం:
ఉత్తర ఐర్లండ్ మీద తెలుగులో ఒక పెద్ద వ్యాసం రాస్తున్నాను. పేరు దగ్గరే ఆగిపోయాను. ఆ ప్రాంతాన్ని కొందరు ‘అల్స్టర్’ అంటున్నారు, కొందరు ‘ప్రావిన్స్’, ఇంకొందరు ‘ఆ ఆరు కౌంటీలు’. ‘ఉత్తర ఐర్లండ్’ అంటే ఐర్లండ్ దేశంలో ఉత్తరపు భాగం అని మనవాళ్లు పొరబడతారు, నిజానికి అది బ్రిటన్ కింద ఉంది. ‘అల్స్టర్’ పొట్టిగా ఉంది, నోటికి తేలిక. అదే వాడదామనుకుంటున్నాను. వద్దనేవాళ్లు కారణం చెప్పండి.

పాత_పటాలు:
వద్దు. గట్టిగానే అంటున్నాను.

అల్స్టర్ ఐర్లండ్‌లోని నాలుగు పాత ప్రాంతాల్లో ఒకటి. అందులో 9 కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి. 1921లో ఐర్లండ్‌ను విడదీసినప్పుడు ఆంట్రిమ్, డౌన్, అర్మా, డెర్రీ, టిరోన్, ఫెర్మానా బ్రిటన్‌తో ఉన్నాయి. డొనెగాల్, కావన్, మొనాహన్ అవతలికి, ఇప్పటి ఐర్లండ్ దేశంలోకి పోయాయి. ఎందుకు పోయాయో చూస్తే మీరు ఆ పేరు వాడలేరు. 1911 జనాభా లెక్కల ప్రకారం తొమ్మిదింటిలో కాథలిక్కులు సుమారు 44 శాతం. ఆరింటిలో అయితే మూడో వంతు. బ్రిటన్‌తోనే ఉండాలన్న యూనియనిస్టులు ఎక్కువగా ప్రొటెస్టెంట్లు, వాళ్లకు తొమ్మిదీ తీసుకుంటే మెజారిటీ నిలుస్తుందన్న నమ్మకం లేదు. అందుకే 1920లో వాళ్ల అల్స్టర్ యూనియనిస్ట్ కౌన్సిల్ ఆరింటికే ఒప్పుకుంది. టిరోన్, ఫెర్మానాల్లో కాథలిక్కులే ఎక్కువ, అయినా ఆ రెండూ కావాలన్నారు.

నన్ను కలచివేసేది ఇంకొకటి. 1912 సెప్టెంబర్ 28న, డబ్లిన్ పార్లమెంటు పాలన మాకొద్దని మగవాళ్లు ఒక ప్రతిజ్ఞ మీద, ఆడవాళ్లు దానికి జతగా ఇంకో ప్రకటన మీద సంతకాలు చేశారు. మొత్తం 4 లక్షల 70 వేలకు పైనే. ఒకరి వెంట ఒకరం నిలబడతామని అందులో మాట ఇచ్చుకున్నారు. మొనాహన్, కావన్, డొనెగాల్ ప్రొటెస్టెంట్లు కూడా చేశారు. ఎనిమిదేళ్లకు వాళ్లను వదిలేశారు. ఇప్పుడు ఆరింటికే అల్స్టర్ అని పేరు పెడితే వాళ్లను రెండోసారి వదిలేసినట్టే.

లగాన్_ఒడ్డు:
నేను బెల్ఫాస్ట్‌లో నర్సుగా పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. పాత_పటాలు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. కానీ తూర్పు బెల్ఫాస్ట్ పెద్దాయన ఒకరు మంచం మీద పడుకుని ‘మా అల్స్టర్’ అన్నప్పుడు అది నాకు పటంలా వినిపించదు, పుట్టిన ఊరిలా వినిపిస్తుంది. అది తప్పని చెప్పే హక్కు నాకెక్కడిది? 2001 దాకా ఇక్కడి పోలీసుల పేరు రాయల్ అల్స్టర్ కాన్‌స్టాబ్యులరీ. యూనివర్సిటీకి ఇప్పటికీ అల్స్టర్ పేరే. వందేళ్లు వాడిన మాట వాడినవాళ్లది కూడా అవుతుంది.

ఇంకో సంగతి. 2021 జనాభా లెక్కల్లో ‘బ్రిటిష్ మాత్రమే’ అన్నవాళ్లు 31.9 శాతం, ‘ఐరిష్ మాత్రమే’ 29.1, ‘నార్తర్న్ ఐరిష్ మాత్రమే’ 19.8. ఎవరికీ సగం లేదు. ఇక్కడికొచ్చిన కొత్తలో ఎవరితో ఏ పేరు వాడాలో తెలియక నాకు చాలా టెన్షన్‌గా ఉండేది.

అన్నట్టు పాత_పటాలు గారూ, మీరు కౌంటీల వరసలో ‘డెర్రీ’ అని రాశారు. కౌంటీకి చట్టంలో ఆ పేరు ఎప్పుడూ లేదు. 1613లో ఏర్పడినప్పటి నుంచి లండన్‌డెర్రీయే.

పాత_పటాలు:
నిజమే, ఒప్పుకుంటున్నాను. చదివిన పుస్తకాల అలవాటు చేతిలోకి వచ్చేసింది.

మీ పెద్దాయన మాటకు నేను అడ్డుపడను. ఆయన నోట అది ఇల్లు. వ్యాసంలో అదే మాట సరిహద్దు గీస్తుంది. ఐర్లండ్ సొంత ఆట గేలిక్ ఫుట్‌బాల్‌లో అల్స్టర్ ఫైనల్ ఎన్నోసార్లు మొనాహన్‌లోని క్లోన్స్‌లో ఆడారు. అల్స్టర్ రగ్బీ జట్టుది తొమ్మిది కౌంటీల పరిధి. ఆరే అల్స్టర్ అని రాసి ఇవన్నీ పాఠకుడికి ఎలా చెబుతారు? మొత్తం ద్వీపంలో అన్నిటికంటే ఉత్తరాన ఉన్న మాలిన్ హెడ్ కూడా డొనెగాల్‌లోనే ఉంది, అంటే ‘దక్షిణం’ అనే దేశంలో.

సరిహద్దు_బాట:
‘ఆరు కౌంటీలు’ అనే మాట కూడా తటస్థం కాదు. ‘ఆ రాజ్యాన్నే మేం ఒప్పుకోం’ అని చెప్పడానికి వాడేది. 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందానికి మే నెల రెఫరెండంలో అక్కడ 71 శాతం మంది అవునన్నారు. అప్పటికి అక్కడి మూడు దశాబ్దాల ఘర్షణలో సుమారు 3,500 మంది చనిపోయారు. మెజారిటీ వద్దనేదాకా బ్రిటన్‌లోనే ఉంటుందనీ, అక్కడివాళ్లు బ్రిటిష్, ఐరిష్ లేదా రెండూ కావచ్చనీ అందులో ఉంది. ఆ కాగితంలో ప్రాంతం పేరు ఉత్తర ఐర్లండ్. రెండు వైపులా ఓటేసిన పేరు అదొక్కటే.

లగాన్_ఒడ్డు:
దీనికి నేను సరే. పేరుతో పాటు, దాన్ని అనడానికే ఇష్టపడనివాళ్లు ఉన్నారనీ, ఎందుకో కూడా రాయండి.

గౌతమీతీరం:
మార్చేశాను. శీర్షిక ‘ఉత్తర ఐర్లండ్’. మొదటి పేరాలోనే తొమ్మిదిలో ఆరు అని చెప్పి, మిగతా మూడు కౌంటీల సంతకాల సంగతి విడిగా రాస్తున్నాను. ఇక మిగిలింది యూనియనిస్టులు లండన్‌డెర్రీ అనీ, ఐర్లండ్‌తో కలవాలన్నవాళ్లు డెర్రీ అనీ పిలిచే నగరం. 1984లో కౌన్సిల్ తన పేరు డెర్రీ అని మార్చుకుంది, నగరానికి అధికారిక పేరు మాత్రం ఇంకా లండన్‌డెర్రీ. 1972 జనవరి 30న బ్రిటిష్ సైన్యం కాల్పుల్లో 13 మంది ఆ రోజే చనిపోయిన నగరం అది. ఆ వాక్యంలో ఏ పేరు రాయను?