"జాతి" గడిలో మా అమ్మాయి "తెలుగు" అని రాసింది

బరంపురం నుంచి:
అందరికీ నమస్కారం. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి మొన్న బడిలో ఇచ్చిన ఒడియా ఫారం తనే నింపుకుంది. "జాతి" అన్న గడిలో "తెలుగు" అని రాసింది. టీచరుగారు దాన్ని కొట్టేసి, అక్కడ కులం రాయాలన్నారట. పిల్ల ఇంటికొచ్చి, "మనది తెలుగు జాతి అని తాతయ్య అంటూనే ఉంటారు కదమ్మా, మరి తప్పెలా అయింది?" అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. రెండు రోజులుగా ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను.

జాతి అంటే అసలు పుట్టుక. "జన్" ధాతువు నుంచి వచ్చింది. జన్మ, జనం, జాతకం అన్నీ దాని చుట్టాలే. తెలుగులో అది ఎంత దూరం నడిచిందో చూడండి. జాతి గుర్రం, జాతి రత్నం అంటే మేలురకం. ఛందస్సులో కందం, ద్విపద జాతి పద్యాలు. తాళాల్లో తిశ్రజాతి, ఖండజాతి. జాజిపువ్వులోని జాజి కూడా "జాతి"కి తద్భవమే. నుడికారాన్ని జాతీయం అంటాం. ఇన్ని అర్థాలున్నా ఎవరూ తడబడరు. తడబాటంతా మనుషుల దగ్గరే. నల్లజాతి అన్నప్పుడు ఒంటి రంగు. తెలుగు జాతి అన్నప్పుడు భాష, చరిత్ర. జాతీయ జెండా అన్నప్పుడు దేశం. మూడింటికీ మాట ఒక్కటే.

నేననేది, వీటిని విడదీసి పలుకుదామని. దేశానికీ మనిషికీ చట్టం వేసిన ముడి పౌరసత్వం. దాన్ని మార్చుకోవచ్చు, వదులుకోవచ్చు. ముత్తాతల నుంచి దిగి వచ్చిన భాష, పండగ, వంట, ఇంటిపేరు వారసత్వం. రంగూ ముఖకవళికలూ చూసి మనుషుల్ని వేరు చేసే పద్ధతి ఒకటుంది కదా, "జాతి"ని దానికి మాత్రమే ఉంచితే చాలు.

మా ఊళ్ళో పుట్టిన వి.వి.గిరిగారినే తీసుకోండి. 1894లో ఆయన పుట్టేనాటికి బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉంది. 1936లో ఒడిశాలోకి వెళ్ళింది. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యారు. బ్రిటిషు ప్రజగా పుట్టి భారత పౌరుడిగా ఆ పదవికి ఎదిగారు. ఊరి రాష్ట్రం మారింది, ఆయన పౌరసత్వం మారింది. తెలుగు ఇంట పుట్టడం మాత్రం మారలేదు. మా అమ్మాయికి ఇలాగే చెప్పాను.

పర్లాకిమిడి నుంచి, రిటైరైన మాస్టారు:
తల్లీ, చక్కగా చెప్పావు. రెండు దిద్దుబాట్లు. ఒడియాలో జాతి అంటే ఉత్త కులమే అనుకోకు. ఇంట్లో, ఫారాల్లో కులం. సభల్లో "ఒడియా జాతి" అని గుండె మీద చెయ్యేసుకుని అంటారు. అంటే మన చిక్కే వాళ్ళకీ ఉంది. హిందీ రాజ్యాంగం 15వ అధికరణలో ఇంగ్లీషు "రేస్"కి "మూలవంశ్" అని వేరే మాట పెట్టి, "జాతి"ని కులానికి వదిలేశారు. మూడు భాషల మధ్య బతికే మన పిల్లలు తికమకపడరా మరి?

రెండోది. "తెలుగు జాతి" అనొద్దంటే నేను ఒప్పుకోను. మా ఊరు 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది, పక్కనున్న పాతపట్నం మద్రాసు వైపే ఉండిపోయింది. ఒకే ఇంటివాళ్ళు రెండు రాష్ట్రాల వాళ్ళయ్యారు. బజారులో మమ్మల్ని "తెలెంగా" అంటారు, కొన్నిసార్లు ప్రేమగా, కొన్నిసార్లు కాదు. అప్పుడు మమ్మల్ని కలిపి ఉంచిన మాట "తెలుగు జాతి". వారసత్వం అంటే నాకు ఆస్తి కాగితాలే గుర్తొస్తాయి. ఆ "వారస" కూడా అరబ్బీ నుంచి వచ్చిందే. అంతమాత్రాన పనికిరాదనను, అందులో వెచ్చదనం చాలదంటున్నాను.

బరంపురం:
మాస్టారూ, ఒడియా సంగతి ఒప్పుకుంటున్నాను. తెలుగు జాతి అన్న మాటని ఊరి నుంచి వెళ్ళగొట్టమనడం లేదు. అది రక్తం సంగతి కాదని పిల్లలకి చెప్పాలంటున్నాను. నేర్చుకున్నవాడికి కూడా తెలుగు తనదే అవుతుంది కదా.

జయపురం నుంచి:
అప్పా, ఈ తేడా గాలిలో మాట కాదు. అమెరికాలో ఒకప్పుడు తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా మూలాలవాళ్ళకీ తప్ప వేరేవాళ్ళు పౌరసత్వం అడగడానికి చట్టం ఒప్పుకోలేదు. పంజాబు నుంచి వెళ్ళిన భగత్ సింగ్ థింద్ మొదటి ప్రపంచయుద్ధంలో ఆ దేశపు సైన్యంలోనే పనిచేశాడు. అయినా నువ్వు తెల్లవాడివి కావని 1923లో వాళ్ళ సుప్రీంకోర్టు తేల్చేసింది. జాతిని కొలిచి పౌరసత్వాన్ని లాక్కున్నారు. భారతీయులకి ఆ తలుపు 1946లో గాని తెరుచుకోలేదు. ఇప్పుడు అక్కడ పుట్టిన మా మేనల్లుడు పౌరసత్వం గడిలో అమెరికన్ అని రాస్తాడు, జనగణనలో రేస్ అడిగినచోట ఏషియన్ ఇండియన్ అని పెడతాడు, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. మూడు ప్రశ్నలకి మూడు జవాబులు.

రాయగడ నుంచి:
నాదొక సందేహం. మా అమ్మ భాష కువి, అది కోంధు గిరిజనులది. నాన్నది తెలుగు. కువి, గోండి, తెలుగు దక్షిణమధ్య ద్రావిడ శాఖలో ఒకే గూటివి. ఊరంతా మాట్లాడే ఒడియా ఆర్యభాష. కొందరు దీన్ని పట్టుకుని "మీరిద్దరూ ద్రావిడ జాతి" అంటుంటారు. అది భాషాకుటుంబం పేరు కదా, మనుషుల జాతి ఎలా అవుతుంది? ఇంకోటి. మాతృభాష గడిలో ఒక్క మాటే పడుతుంది. నేనేం రాయాలి?

పర్లాకిమిడి:
నీ మాటే నిజం నాయనా. భాష చుట్టరికం వేరు, నెత్తురు చుట్టరికం వేరు. మా చుట్టుపక్కల గిరిజనులైన సవరలది ముండా అనే వేరే కుటుంబపు భాష. తెలుగుతో దానికి ఏ చుట్టరికమూ లేదు. అయినా గిడుగు రామమూర్తిగారు మా ఊళ్ళో ఉండి ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆయనకి వాళ్ళు పరాయివాళ్ళు కారు.

బరంపురం:
తమ్ముడూ, ఒక్క మాటే పడితే అమ్మ భాషే రాయి, మాతృభాష అన్నారు కదా. కువి అని రాసేవాళ్ళు తక్కువ, అది లెక్కలోకి రావాలి. తెలుగు నీ దగ్గర నుంచి ఎవరూ తీసుకోలేరు, ఇప్పుడు రాసింది తెలుగులోనే కదా. మా అమ్మాయి ఇది చదివి, తన ఫారంలో మాతృభాష గడి ఉందా అని వెతుక్కుంది. ఉంది. రెండో పేజీలో, ఖాళీగా.