హ్యాండ్‌మేడ్ వాటర్‌కలర్స్‌కి బూజు పట్టింది, పారేయాలా?

రంగులపిచ్చి: మాది వైజాగ్ అండి. రెండు నెలల కింద హ్యాండ్‌మేడ్ సెట్ కొన్నా, తేనె కలిపి చేసినవంట. వానలు మొదలయ్యాక ఒక్కటీ ఆరట్లేదు, వేలు పెడితే అంటుకుపోతోంది, నిన్న చూస్తే ఆకుపచ్చ మీద తెల్లగా బూజు. డబ్బులు బానే పోశా దీనికి :(

కుంచె_కాగితం: అప్పుడే పారేయకండి. ఇలాంటి రంగుల్లో వేసే తేనె, గ్లిజరిన్ రెండూ గాల్లో తేమ లాగేస్తాయి, మీది సముద్రపు గాలి కదా మరి. బూజు పైపైనే ఉంటే తడి టిష్యూతో పైపొర తీసేసి నీడలో ఆరనివ్వండి, లోపలిదాకా పోయి వాసనొస్తే మాత్రం ఆశ వదిలేయడమే. అసలు మనం చేసే తప్పేంటంటే బొమ్మ అవ్వగానే తడిమీదే మూత పెట్టేస్తాం. నేనైతే రాత్రంతా మూత తీసి ఫ్యాన్ కింద పెట్టేసి పొద్దున తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్ వేసి మూస్తా.

జాజుబొమ్మ: నేను ఇంట్లోనే చేసుకుంటా, తుమ్మ బంక రాత్రి నానేసి గుడ్డలో వడగట్టి, జాజు (ఎర్రమట్టి) పొడి వేసి గాజు పలక మీద నూరి, బూజు రాకుండా ఒక చుక్క లవంగ నూనె. పొడి ముక్కులోకి పోతది, మాస్క్ పెట్టుకోండి. జాజు ఎండలో కూడా అట్లే ఉంటది. పసుపుతో కూడా చేశా ఒకసారి, కిటికీ పక్కన పెడితే పూర్తిగా వెలిసిపోయింది, అంత కష్టం దండగ.

రంగులపిచ్చి: థాంక్సండి, తుడిచా, కింద రంగు బానే ఉంది! కానీ ఎర్ర రంగు పగిలిపోయి ముక్కలుగా ఊడొస్తోంది, అదేంటి?

కుంచె_కాగితం: జిగురు ఎండిపోతే అంతే. రెండు చుక్కల నీళ్ళేసి టూత్‌పిక్‌తో నొక్కేయండి, అతుక్కుంటది.