మనుషుల గురించి ఇంగ్లీషులో చెప్పాలంటే మాటలు దొరకడం లేదు, సాయం చేయండి

అందరికీ నమస్కారం. నేను ఉద్యోగానికి విదేశం వచ్చి మూడు నెలలైంది. పని సంగతులైతే ఇంగ్లీషులో ఎంతసేపైనా మాట్లాడతాను గానీ, ఫలానా మనిషి ఎలాంటివాడో చెప్పమంటే నా దగ్గర ఉన్నవి నాలుగే మాటలు: గుడ్, నైస్, ఫ్రెండ్లీ, సిన్సియర్. పోయిన వారం టీమ్‌లో ఒకరి గురించి ఒకరిని ఫీడ్‌బ్యాక్ రాయమన్నారు. నా పక్కన కూర్చునే ఆవిడ కల్లాకపటం తెలియని మనిషి, ఆర్భాటం అసలే లేదు. అదే రాద్దామని ‘షి ఈజ్ వెరీ ఇన్నోసెంట్ అండ్ సింపుల్’ అని రాసిచ్చాను. ఆవిడ చదివి నవ్వి, ‘ఎందుకు, నా మీద కేసేమైనా ఉందా?’ అంది. సింపుల్ అన్నదాని గురించి మాత్రం ఏమీ అనలేదు, నాకు అదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. వచ్చే నెల మేనేజర్ గురించి కూడా రాయాలట. మనుషుల స్వభావం చెప్పే మాటల లిస్టు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి ప్లీజ్, కూర్చుని బట్టీ పట్టేస్తాను.

---

తమ్ముడూ, ముందు ఆ లిస్టు ఆలోచన మానుకో. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్బర్ట్ అని ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు పెద్ద వెబ్‌స్టర్ డిక్షనరీ ముందేసుకుని మనిషి తీరు చెప్పే మాటలన్నీ ఏరితే దాదాపు 18,000 తేలాయి. కాసేపు ఉండి పోయే మూడ్ చెప్పేవి, ఉత్త మెచ్చుకోళ్ళు, ఉత్త తిట్లు అన్నీ పక్కనపెట్టి, నిలకడగా ఉండే స్వభావం చెప్పేవే ఉంచినా 4,500 మిగిలాయి. ఎన్నని బట్టీ పడతావు?

నీకు కావలసినవి ఓ యాభై. వాటిలో చాలా మటుకు నీకు వచ్చినవే. అసలు మనల్ని ఇరికించేవి రాని మాటలు కావు, వచ్చిన మాటలే. సిన్సియర్, స్మార్ట్, ఇన్నోసెంట్, సాఫ్ట్, ఇవన్నీ మనం తెలుగులో రోజూ వాడేస్తుంటాం కదా, అవి ఎప్పుడో మన ఇంటికి వచ్చి మనతోపాటే పెరిగి మన పద్ధతులు నేర్చేసుకున్నాయి, ఇప్పుడు తిరిగి పుట్టింటికి తీసుకెళ్తే అక్కడివాళ్ళు గుర్తుపట్టరు.

నీ రెండు మాటలే తీసుకుందాం. మనం ‘పాపం అమాయకుడు’ అంటే అందులో కొంచెం జాలి, కొంచెం ముద్దు ఉంటాయి. ఇన్నోసెంట్ అనగానే ఇంగ్లీషువాడికి ముందు తట్టేది నేరం చేయనివాడు అని. పోనీ నయీవ్ అందామా అంటే అది లోకం తెలియదని వెక్కిరించినట్టు. కల్లాకపటం లేదని చెప్పాలంటే జెన్యూన్ అను, సరిపోతుంది. సింపుల్ ఇంకా ప్రమాదం, మనిషిని పట్టుకుని సింపుల్ అంటే బుర్ర కాస్త తక్కువ అనే అర్థం తగులుతుంది. ఆర్భాటం లేని మనిషిని డౌన్ టు ఎర్త్ అంటారు, మోడెస్ట్ అన్నా బాగానే ఉంటుంది. ఆవిడ ఊరుకుందంటే మంచి మనిషి కాబట్టి ఊరుకుంది, వెళ్ళి ఒక మాట చెప్పు.

సిన్సియర్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీనితో నేనే దెబ్బతిన్నాను. మనకి ‘సిన్సియర్‌గా పనిచేస్తాడు’ అంటే టైముకి వస్తాడు, ఒళ్ళు దాచుకోడు అని. ఇంగ్లీషులో సిన్సియర్ అంటే మనసులో ఉన్నదే నోటితో అనేవాడు, నటించనివాడు. పనికీ దానికీ సంబంధమే లేదు. ఒక కుర్రాడికి రికమండేషన్ రాస్తూ మూడు చోట్ల సిన్సియర్ అని రాశాను, అవతలివాళ్ళు ఫోన్ చేసి ‘అది సరే, పని బాగా చేస్తాడా?’ అని అడిగారు. చిన్న మాట అనుకునేవు, చాలా బరువైన మాట అది. 1968లో నార్మన్ ఆండర్సన్ అనే సైకాలజిస్టు 555 గుణాల మాటలు కాలేజీ పిల్లలకిచ్చి, ఇలాంటి మనిషి మీకు ఎంత నచ్చుతాడో మార్కులేయమంటే అన్నిటికన్నా పైన నిలిచింది ఈ సిన్సియరే. అట్టడుగున లయర్, అంటే అబద్ధాలకోరు. కాబట్టి ఆ మాట దాచుకో, నిజంగా అలాంటి మనిషి కనిపించినప్పుడు వాడు. పనిమంతుణ్ణి చెప్పడానికి హార్డ్‌వర్కింగ్, రిలయబుల్ ఉన్నాయి. ఎవరూ చూడకపోయినా పని శుభ్రంగా పూర్తి చేసేవాడిని కాన్షియెన్షస్ అంటారు, పలకడానికి నోరు తిరగదు గానీ ఫీడ్‌బ్యాక్‌లో దానికి మించిన మెచ్చుకోలు తక్కువ.

మిగతావి గబగబా. స్మార్ట్ అంటే మనకి అందగాడు, అమెరికన్లకి తెలివైనవాడు, బ్రిటిష్‌వాళ్ళకి చాలాసార్లు బట్టలు నీట్‌గా వేసుకున్నవాడు. సాఫ్ట్ అంటే మెతక, నువ్వు చెప్పదలచింది జెంటిల్ అయి ఉంటుంది. హోమ్లీ అన్న మాట మనిషికి వాడనే వద్దు, ముఖ్యంగా అమెరికన్ల దగ్గర, అందంగా లేదు అన్నట్టవుతుంది. ఇంకోటి, ‘హి ఈజ్ షార్ట్ టెంపర్’ అనకూడదు, చివర డ కలపాలి, షార్ట్ టెంపర్డ్. మనవాళ్ళలో సగంమంది ఆ డ మింగేస్తారు, నాతో సహా.

---

> వచ్చే నెల మేనేజర్ గురించి కూడా రాయాలట

అన్నయ్య చెప్పినవి సరే, మేనేజర్ దగ్గరికొస్తే ఇంకో చిక్కుంది తమ్ముడూ. ఒకే గుణానికి ముద్దుపేరు ఒకటి, తిట్టుపేరు ఒకటి ఉంటాయి. బెర్ట్రండ్ రస్సెల్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1948లో బీబీసీ రేడియోలో ఇదే విషయం మీద ఒక జోక్ వేశాడు, నేనైతే గట్టివాణ్ణి, నువ్వైతే మొండివాడివి, అదే అక్కడ లేనివాడైతే వట్టి మూర్ఖుడు అన్న అర్థంలో. ఆయన వాడిన మాటలు ఫర్మ్, ఆబ్‌స్టినేట్, పిగ్‌హెడెడ్. మనకి మాత్రం లేవా, మనదైతే పట్టుదల, పక్కవాడిదైతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

అందుకని మాటలు విడివిడిగా కాకుండా జంటలుగా నేర్చుకో. కాన్ఫిడెంట్ అంటే ధైర్యం, కాకీ అంటే పొగరు. థ్రిఫ్టీ పొదుపరి, స్టింజీ పిసినారి. క్యూరియస్ అంటే తెలుసుకోవాలనే ఆసక్తి, నోజీ అంటే ప్రతిదాంట్లో వేలు పెట్టడం. తన మాట నిబ్బరంగా చెప్పేది అసర్టివ్, మీద పడిపోయేది అగ్రెసివ్. త్వరగా తేల్చి చెప్పే మేనేజర్ని డిసైసివ్ అంటారు, నచ్చకపోతే అదే మనిషిని బాసీ అంటారు, ఈ బాసీ అనే మాట ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతుంది, గమనించి చూడు. మీ మేనేజర్ ఆవిడైతే ఆ మాట జోలికే పోవద్దు.

ఇంకో సంగతి ఎవరూ నేర్పరు. ‘హి ఈజ్ రూడ్’ అంటే వాడి స్వభావమే అంత అని తీర్పు చెప్పేసినట్టు. ‘హి ఈజ్ బీయింగ్ రూడ్’ అంటే ఇప్పుడు, ఈ విషయంలో అలా చేస్తున్నాడని. మొండివాడు అనడానికీ మొండికేస్తున్నాడు అనడానికీ తేడా లేదూ, అదే. ఆ ఒక్క బీయింగ్ పెట్టుకుంటే సగం గొడవలు తగ్గుతాయి. స్వభావమే అయినా చెప్పక తప్పకపోతే ‘కెన్ బి ఎ బిట్’ అని ముందు తగిలించు: ‘హి కెన్ బి ఎ బిట్ స్టబర్న్.’ అప్పుడప్పుడు, కాస్త అన్నమాట. ఇక్కడ నేరుగా స్టబర్న్ అంటే పోట్లాటకి వచ్చినట్టే చూస్తారు.

---

నేను కొంచెం వేరేగా చెప్తాను, అన్నయ్యా అక్కయ్యా ఏమనుకోవద్దు. ఫీడ్‌బ్యాక్‌లో అసలు గుణాల మాటలే వద్దు. ఒక్క మాట మొత్తం మనిషిని మార్చేస్తుంది. సోలొమన్ ఆష్ అనే సైకాలజిస్టు 1946లో చేసిన ప్రయోగం ఉంది, ఒక మనిషి ఇలాంటివాడు అంటూ ఇంటెలిజెంట్, స్కిల్‌ఫుల్, ప్రాక్టికల్ లాంటి ఏడు మాటలు చదివి వినిపించాడు, కొందరికి మధ్యలో వార్మ్ అని, కొందరికి దాని బదులు కోల్డ్ అని. మిగతా ఆరూ అవే. అయినా వార్మ్ విన్నవాళ్ళు ఆ మనిషిని ఉదారంగా, సరదాగా ఉండేవాడిగా ఊహించుకుంటే, కోల్డ్ విన్నవాళ్ళలో చాలామందికి అవేవీ కనపడలేదు. ఆ రెండిటి బదులు పొలైట్, బ్లంట్ పెట్టి చూస్తే అంత తేడా రాలేదట. ఏ మాట ఎంత పనిచేస్తుందో మనకే తెలియనప్పుడు, జరిగింది జరిగినట్టు రాసేస్తే పోలా? ‘హెల్ప్‌ఫుల్’ అని కాదు, ‘నేను చేరిన మొదటి వారంలో రోజూ అరగంట కూర్చుని సిస్టమ్ నేర్పించింది’ అని రాయి. దానికి అపార్థం తీయడం ఎవరి తరమూ కాదు.

---

కాగితం మీద అది కరెక్టే, నేనూ ఒప్పుకుంటా. కానీ నోటిమాటగా ఎవరో ‘మీ కొత్త రూమ్మేట్ ఎలాంటివాడు?’ అంటే కథలు చెప్పుకుంటూ కూర్చోలేం కదా, ఒకటి రెండు మాటలు రెడీగా ఉండాల్సిందే.

ఆ ప్రశ్న దగ్గర కూడా చూసుకో తమ్ముడూ. ‘వాట్ ఈజ్ హి లైక్?’ అంటే ఎలాంటివాడు అని, స్వభావం చెప్పాలి. ‘హౌ ఈజ్ హి?’ అంటే ఎలా ఉన్నాడు, ఒంట్లో బాగుందా అని. నేను వచ్చిన కొత్తలో ఆ లైక్ వినపడగానే వాడికి ఏమిష్టం అని అడిగారనుకుని ‘క్రికెట్’ అని చెప్పేవాణ్ణి. రెండు మూడుసార్లు అయ్యాక గానీ ఎవరూ చెప్పలేదు.

---

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, చాలా థాంక్స్. ఇంకొక్క డౌట్. ఇక్కడ నన్ను చూసి ‘యూ ఆర్ సో క్వైట్’ అంటున్నారు, అది మెచ్చుకోవడమా, తిట్టడమా? నేను షై అని చెప్పుకోవచ్చా?

---

రెండూ కాదు, మాట కలపడానికి అంటారు అంతే. షై అని మాత్రం చెప్పుకోకు, మాట్లాడాలని ఉన్నా బెరుకుతో మాట్లాడలేకపోవడం షై. అవసరానికి మించి మాట్లాడవు, నీ సంగతులు అందరికీ చెప్పవు, అది రిజర్వ్డ్. అది లోపమేమీ కాదు. అలూఫ్ అని మాత్రం ఎవరైనా అంటే జాగ్రత్తపడు, ఎవరినీ దగ్గరికి రానివ్వవు, అంటీముట్టనట్టు ఉంటావని. నన్నడిగితే ‘ఐ టేక్ ఎ వైల్ టు ఓపెన్ అప్’ అని చెప్పు, కలవడానికి నాకు కాస్త టైము పడుతుంది అని. అలా చెప్పాక వాళ్ళే వచ్చి పలకరిస్తారు.

---

పక్క సీటు ఆవిడకి చెప్పేశాను. సింపుల్ అంటే ఈజీగోయింగ్ అనబోయానేమో అనుకుందట, బతికిపోయాను. జెన్యూన్ అన్నాక మళ్ళీ నవ్వింది, ఈసారి కేసు గురించి అడగలేదు. మేనేజర్ గురించి ఇలా రాసిపెట్టుకున్నాను, చూసి చెప్పండి: ‘హి ఈజ్ అప్రోచబుల్ అండ్ డిసైసివ్. వెన్ ఐ మేడ్ ఎ మిస్టేక్ ఇన్ మై ఫస్ట్ మంత్, హి శాట్ విత్ మి అండ్ ఫిక్స్‌డ్ ఇట్. హి కెన్ బి ఎ బిట్ ఇంపేషెంట్ నియర్ డెడ్‌లైన్స్.’

---

రెండో వాక్యం బంగారం. మూడోది తీసెయ్ తమ్ముడూ. ‘ఎ బిట్’ పెట్టమన్నది నేనే, కాదనను, కానీ వచ్చి మూడు నెలలే అయింది, పైగా చదివేది ఆయనే.