ఒంగోలు వైపు భూమి కదిలితే సముద్రం పొంగుతుందా?

ఉలవపాడు మామిడి:
2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు వైపు భూమి అదిరింది. 2004లో మన తీరానికి సునామీ వచ్చింది. ఈ రెండింటికీ ఏమైనా లింకు ఉందా? అండమాన్ వైపు భూకంపం, సునామీ, అగ్నిపర్వతం మూడూ ఉన్నాయి కదా, మనకు మూడోది ఎందుకు లేదు? ఇంకో సంగతి: కొత్తపట్నం దగ్గర ఒడ్డుకు 900 మీటర్ల దూరంలో, ఇసుక నేల మీద, కింద పార్కింగు వదిలి పైన రెండంతస్తులు వేయాలి. దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు?

గుండ్లకమ్మ గట్టు:
ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకండి. భూమి పైపొర పెద్ద పెద్ద రాతి పలకలుగా ఉంటుంది. మన నేల, బంగాళాఖాతం అడుగు ఒకే పలక మీద ఉన్నాయి. ఆ పలక అండమాన్, సుమత్రా పక్కన సుందా ట్రెంచ్ (సముద్రం అడుగున పొడవాటి లోతైన కందకం) దగ్గర పక్క పలక కిందికి దూరుతోంది. దూరేటప్పుడు రెండూ పట్టేసుకుంటాయి. పై పలక అంచు ఏళ్ల తరబడి కిందికి వంగిపోయి, పట్టు వదిలిన రోజు ఎగిరి లేస్తుంది. 2004 డిసెంబరు 26న, మన టైం ప్రకారం ఉదయం 6:28కి, దాదాపు 1300 కిలోమీటర్ల పొడవున అలాగే లేచింది. తీవ్రత 9.1. అడుగు లేస్తే దాని మీదున్న నీళ్లన్నీ లేవాల్సిందే. అదే సునామీ.

ఆ దూరిన పలక సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరాక, దానిలోని నీరు బయటికొచ్చి పైనున్న వేడి రాయికి తగులుతుంది. నీరు కలిస్తే రాయి తక్కువ వేడికే కరుగుతుంది. కరిగింది అలా పైకొచ్చిన చోటే అండమాన్‌లోని బారెన్ ఐలాండ్. మన దేశంలో ఇప్పుడు రగిలే అగ్నిపర్వతం అదొక్కటే. అంటే అక్కడి మూడు ప్రమాదాలూ ఒకే అంచు పని.

ఆ అంచు మనకు సుమారు 1300 కిలోమీటర్ల దూరం. మనం పలక నడుమ ఉన్నాం. దాని ముక్కు హిమాలయాల దగ్గర గుద్దుకుంటుంటే ఆ ఒత్తిడి ఇక్కడి పాత పగుళ్ల దాకా వస్తుంది, అవి అప్పుడప్పుడు సర్దుకుంటాయి. ఒంగోలు దగ్గర 1967 మార్చి 27న వచ్చింది 5.4. తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. ఆ లెక్కన 2004 నాటిది ఒంగోలు భూకంపానికి మూడు లక్షల రెట్ల పైమాటే. ముండ్లమూరు అదురు 3 చిల్లర, అదీ నేల మీద. దానితో సముద్రం పొంగదు. సముద్రంలో వచ్చినా అడుగు నిలువుగా కదలాలి. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 వచ్చినా అడుగు పక్కకు జరగడంతో మన తీరానికి పెద్ద అల రాలేదు.

కనిగిరి బాట:
మరి చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు నిప్పులోంచి పుట్టిన రాయే కదా?

గుండ్లకమ్మ గట్టు:
అవును, కానీ అది లావా కాదు. భూమి లోతునే మెల్లగా చల్లారింది, అందుకే గింజలు కంటికి కనబడతాయి. ఆ రాయిలో చుక్కల్లా కనబడే మెరుపు బ్రాంజైటు అనే ఖనిజానిది. పైకి పారిన లావా చూడాలంటే రాజమండ్రి పక్కన కాతేరుకు వెళ్లండి. అదీ ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది. ఇప్పుడు మన కింద కరిగే సరుకు లేదు.

పెన్న ముఖద్వారం:
900 మీటర్లు అనే లెక్క కన్నా మీ స్థలం సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో చెప్పండి. ఇసుక దిబ్బ అడ్డుంటే దాని వెనక 300 మీటర్లలో ఉన్నా నీళ్లు రాకపోవచ్చు. బాటకోసం దిబ్బను కోసేసిన చోట, వాగు కలిసే చోట, బకింగ్‌హాం కాలువ వెంబడి రెండు కిలోమీటర్లు లోపలికీ ఎక్కొచ్చు. 4000 మీటర్ల లోతులో అల గంటకు 700 కిలోమీటర్లు పోతుంది, 10 మీటర్ల లోతుకొచ్చేసరికి 36కి పడిపోతుంది. ముందుది ఆగుతుంది, వెనకది తోస్తుంది, అందుకే ఒడ్డున ఎత్తు పెరుగుతుంది. మనకు రెండు, రెండున్నర గంటల టైం దొరుకుతుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ)లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరు నుంచి పనిచేస్తోంది, భూకంపం వచ్చిన 10 నిమిషాల్లోపే మొదటి బులెటిన్ ఇస్తారు. ఎక్కువమంది చేసే తప్పు: మొదటి అల వెళ్లగానే వలలకోసం, మోటార్లకోసం వెనక్కి రావడం. తర్వాతివి పది నిమిషాలకో, గంటకో వస్తాయి, పెద్దది ఆ తర్వాతిదే కావచ్చు. వేటలో ఉన్న బోటు ఒడ్డుకు రాకుండా లోతు నీళ్లలోనే ఉండాలి. ఇంటి విషయానికొస్తే కింద ఖాళీ వదలడమే మంచిది, నీళ్లు దూరిపోతాయి.

సెంట్రింగ్ లెక్క:
కింద ఖాళీ అంటేనే నాకు భయం. పైన గోడలు గట్టిగా, కింద ఉత్త పిల్లర్లు ఉంటే ఊపంతా పిల్లర్ల మీదే పడుతుంది. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాదులో కూలిన అపార్టుమెంట్లలో చాలా వాటికి కింద పార్కింగే. భూకంప ప్రమాదాన్ని బట్టి దేశాన్ని జోన్లుగా విడగొట్టారు, అంకె పెరిగితే ప్రమాదం ఎక్కువ. ఒంగోలు వైపు జోన్ 3. జోన్ తక్కువ కదా అని ధీమా వద్దు, 1993లో మహారాష్ట్రలోని కిల్లారి భూకంపానికి దెబ్బతిన్నప్పుడు అది అన్నిటికన్నా తక్కువ జోన్‌లో ఉంది.

ముందు బోరు వేయించి మట్టి పరీక్ష చేయించండి. వదులు ఇసుకలో నీళ్లు పైపైనే ఉంటే, ఊపుకి గింజల మధ్య పట్టు పోయి నేల చిక్కటి జావలా అయిపోతుంది. అలా తేలితే పునాది సంగతి ఇంజనీరుకే వదలండి, మేస్త్రి నోటిలెక్క వద్దు. 9 అంగుళాల పిల్లరు ఒద్దేవద్దు, ఏ వైపైనా కనీసం 12 అంగుళాలు ఉండాలి. 16 ఎం.ఎం. రాడ్లతో 12 అంగుళాల పిల్లరు వేస్తే, బీము దగ్గర పైనా కిందా, నిలువు రాడ్ల చుట్టూ కట్టే రింగులు 3 అంగుళాలకొకటి. పది అడుగుల ఎత్తుకు 20 అంగుళాల మేర ఇలా కట్టాలి. రింగు కొస 135 డిగ్రీలు వంచి కాంక్రీటు లోపలికి పోనివ్వండి. 90కి వంచితే పైపొర రాలగానే రింగు విచ్చుకుంటుంది, రాడ్లు బయటికి ఉబ్బుతాయి. కాంక్రీటు పోశాక ఇది కనబడదు, కాబట్టి పోసే ముందురోజే ఫోటోలు తీసుకోండి.

ఉలవపాడు మామిడి:
ఒకరు ఖాళీ ఉంచమంటారు, ఒకరు వద్దంటారు. ఏది చేయాలండీ?

సెంట్రింగ్ లెక్క:
రెండూ కుదురుతాయి. సముద్రం వైపు అంచు పెట్టినట్టు, అంటే నీళ్లొచ్చే దారికి సమాంతరంగా, రెండు పక్కలా కాంక్రీటు గోడలు దింపండి. అడ్డంగా కావాల్సిన గోడలు చిన్నవిగా ఉంచి మెట్ల చుట్టూ పెట్టండి. మెట్లు మధ్యలో ఉండాలి, ఒక మూలకు తోస్తే ఊపులో ఇల్లు మెలితిరుగుతుంది. పార్కింగులో మిగతా అడ్డు ఏదైనా కావాలంటే పలచటి ఇటుక గోడే కట్టండి, అది విరిగిపోయినా నష్టం లేదు. మోటారు స్విచ్‌బోర్డు మాత్రం మొదటి అంతస్తులో పెట్టించండి.