అప్‌గ్రేడ్ తర్వాత సర్వర్ రాత్రుళ్లు ఆగిపోతోంది: పాత ఓఎస్‌కి వెళ్లిపోవాలా, కారణం పట్టుకోవాలా?

గుంటూరు_అకౌంట్స్:
మిర్చి యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టుకి సర్వర్ చూస్తాను. ఉబుంటు లినక్స్ 20.04 ఓఎస్‌కి మామూలు అప్‌డేట్లు 2025 మే నెలతో ఆగిపోయాయి కదా అని మొన్నామధ్య ఒక ఆదివారం 22.04కి మార్చాను. అప్పట్నుంచి రెండు మూడు రాత్రులకోసారి బిగుసుకుపోతోంది. పొద్దున వెళ్లేసరికి ఫ్యాన్లు తిరుగుతుంటాయి, స్క్రీన్ నల్లగా ఉంటుంది, క్యాప్స్ లాక్ నొక్కినా కీబోర్డు మీద లైటు వెలగదు. లాగ్ (మిషన్ తనంతట తాను రాసుకునే చిట్టా) రాత్రి 2 దాటాక ఒకచోట తెగిపోయి ఉంటుంది, అంతే. సీజన్‌లో కాటా చీటీలు ఆగితే రైతులు ఎండలో నిలబడాలి. పాత ఓఎస్ వేసేయమంటారా?

బెజవాడ_సర్వీసు:
వేసేయండి. 5.4 కెర్నల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) మీద ఏళ్ల తరబడి నడిచిన మిషన్ 5.15కి మారగానే మొరాయిస్తుంటే ఇంకా పరిశోధన దేనికండీ? ముందు కొట్టు నడవాలి. సీజన్‌లో అసలు అప్‌గ్రేడ్ జోలికే పోకూడదు.

బ్రాడీపేట_అడ్మిన్:
సీజన్ మాట ఒప్పుకుంటాను, మిగతాది ఒప్పుకోను. కెర్నల్ మీద అనుమానం ఉంటే ఓఎస్ మొత్తం పీకాల్సిన పని లేదు. మిషన్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత 5.4 ఇంకా ఉండొచ్చు, దాంతో బూట్ చేసి చూడండి. అప్పుడూ ఆగిందంటే కొత్త కెర్నల్‌ది తప్పు కాదని రెండు మూడు రాత్రుల్లో తేలిపోతుంది. ఇక లాగ్‌లో ఏమీ లేదంటే ఏమీ జరగలేదని కాదు, కెర్నల్ బిగుసుకుపోయినప్పుడు ఆ చివరి మాటలు డిస్కు దాకా చేరవు. నెట్‌కన్సోల్ పెట్టండి, కెర్నల్ మెసేజీలు నెట్‌వర్క్ మీదుగా పక్క కంప్యూటర్‌కి వచ్చేస్తాయి. ఇంకో మాట: ఆ ఆదివారం ఓఎస్ కాక ఇంకేమన్నా మార్చారా? దాచకుండా చెప్పండి.

గుంటూరు_అకౌంట్స్:
మిషన్ విప్పి దుమ్ము దులిపాను. కొత్త ఓఎస్‌కి సరిపోదేమోనని 8 జీబీ ర్యామ్ ఒకటి అదనంగా పెట్టాను.

బెజవాడ_సర్వీసు:
ర్యామ్ పాడైతే పగలు కూడా ఆగాలి కదండీ. పగలంతా బిల్లింగ్ నడుస్తూనే ఉంది.

బ్రాడీపేట_అడ్మిన్:
బిల్లింగ్‌కి 3, 4 జీబీ చాలు. రాత్రి 2కి బ్యాకప్ ఉంటే మాత్రం డిస్కులో ఉన్నదంతా చదువుతుంది, చదివిందాన్ని లినక్స్ ఖాళీ మెమరీలో పేర్చుకుంటూ పోతుంది. పగలు ముట్టుకోని ర్యామ్‌ని రాత్రి ముట్టుకుంటుంది.

గుంటూరు_అకౌంట్స్:
బ్యాకప్ సరిగ్గా 2 గంటలకే అన్నా. చెప్పినట్టే చేశాను. పాత కెర్నల్‌తో రెండో రాత్రే ఆగింది. నెట్‌కన్సోల్‌లో ఒకసారి ఫైల్ సిస్టమ్ దగ్గర, ఇంకోసారి నెట్‌వర్క్ కోడ్ దగ్గర ఎర్రర్ పడింది.

బ్రాడీపేట_అడ్మిన్:
కెర్నల్ బగ్ అయితే చాలావరకు ఒకేచోట పడిపోతుంది. రోజుకో చోట పడుతుంటే నేనైతే ముందు ర్యామ్‌నే పట్టుకుంటాను. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పెట్టి రాత్రంతా వదిలేయండి, ఒక్క రౌండ్ అయ్యాక ఆపేయొద్దు.

గుంటూరు_అకౌంట్స్:
మూడో రౌండ్‌లో ఎర్ర గీతలు వచ్చాయి. కొత్త స్టిక్ తీసేసి పాతదొక్కటే ఉంచి మళ్లీ రాత్రంతా నడిపితే ఒక్కటీ రాలేదు. 22.04 అలాగే ఉంచి, 5.15 మీదే ఐదు రాత్రులుగా బ్యాకప్ పూర్తవుతోంది.

బెజవాడ_సర్వీసు:
సంతోషం. ర్యామ్ సంగతి నేను ఊహించలేదు, మీరిద్దరూ పట్టుకున్నారు. కానీ ఏప్రిల్‌లో యార్డు కొట్టు సర్వర్ విప్పడం తప్పే అన్న మాట మీద ఉంటాను.

బ్రాడీపేట_అడ్మిన్:
దానికి నేనూ అడ్డు చెప్పను. విప్పాల్సి వస్తే ఒకరోజు ర్యామ్, వారం ఆగి ఓఎస్. రెండూ ఒకే ఆదివారం కాదు. ఇంకోటి, ఆ కొత్త స్టిక్ తీసేసేదాకా తీసిన బ్యాకప్‌లు ఆ పాడైన ర్యామ్ మీదుగానే వెళ్లాయి, వాటిలో ఒకటి వేరే మిషన్ మీద తెరిచి లెక్కలు సరిపోతున్నాయో లేదో ఇవాళే చూడండి.