ఆట సైజు లిస్టులో ఒకటి, డిస్కులో ఇంకొకటి. ఏది నమ్మాలి?

గాజువాక గేమ్ సెంటర్:

అందరికీ నమస్కారం. గాజువాకలో ఆరు మిషన్లతో చిన్న గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. అన్నింట్లో 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ 11. శుక్రవారం రాత్రి నాలుగో మిషన్‌లో షూటింగ్ ఆటకి అప్‌డేట్ వచ్చింది. ఖాళీ చాల్లేదు, ఏదో ఒకటి తీయాలి. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి సైజు వరసలో పెట్టాను. ఫుట్‌బాల్ ఆట 48 జీబీతో అన్నింటికంటే పైనుంది. కార్ల రేసు ఆట 1.2 జీబీయే. పెద్దదే పోనీ అని ఫుట్‌బాల్ తీసీసాను. సేవ్ ఫైళ్లు కూడా తీసెయ్యాలా అని అడిగితే తొందర్లో అవును నొక్కీసాను.

శనివారం పొద్దున్న ఇద్దరు గుంటలొచ్చారు, ఇంటర్ చదువుతున్నారు. రెండు నెలలుగా ఆ మిషన్ మీదే ఒక జట్టుని కింది డివిజన్ నుంచి పైకి తెచ్చుకుంటున్నారు. అంతా పోయింది. చిన్నవాడు ఒక్క మాట అనలేదు, బ్యాగు తగిలించుకుని మెట్లు దిగిపోయాడు. ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

రాత్రి షట్టర్ దించేశాక రెండో మిషన్ దగ్గర కూర్చుని ఒక్కో ఆట ఫోల్డర్‌కి ప్రాపర్టీస్ చూశాను. 1.2 అన్న రేసు ఆట 112 జీబీ ఉంది! 38 అన్న షూటింగ్ ఆట 139. ఫుట్‌బాల్ 56. ఇంకో ఆటకి లిస్టులో అంకే లేదు, ఫోల్డర్ మాత్రం 61. పోయినేడు నేనే ఫోల్డర్ డిలీట్ చేసిన క్రికెట్ ఆట ఇంకా 41 జీబీ అని కనిపిస్తోంది. లిస్టులో ఉన్నవన్నీ కూడితే 138. డిస్కులో వాడుకున్నది 457. ఇంత తేడా ఏటండీ? ఆ అంకె అసలు ఎక్కణ్ణుంచి వస్తోంది?

ఉక్కునగరం సిస్టమ్స్:

అన్నా, ఆ అంకెని విండోస్ రోజూ కొలిచి చూపిస్తోందని అనుకుంటాం కదా, అక్కడే పొరపాటు. ఇన్‌స్టాల్ చేసిన రోజున ఇన్‌స్టాలర్ తన అంచనాని రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోట, రాసి వెళ్లిపోతుంది. దాని పేరే ఎస్టిమేటెడ్‌సైజ్. మనం లిస్టు తెరిచినప్పుడు కనిపించేది ఆ రాతే. పిల్లాడు పుట్టినప్పుడు ఆసుపత్రి కార్డు మీద రాసిన బరువు లాంటిది అది. వాడికి పాతికేళ్లొచ్చినా కార్డు మీద మూడు కిలోలే ఉంటుంది.

మీరే చూడొచ్చు. రిజిస్ట్రీని చూపించే రెజ్‌ఎడిట్ ప్రోగ్రాము తెరిచి హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, అన్‌ఇన్‌స్టాల్ దాకా వెళ్లండి. 32 బిట్ ప్రోగ్రాములైతే సాఫ్ట్‌వేర్ కింద వావ్6432నోడ్‌లో ఉంటాయి. ఒక్కో ప్రోగ్రాముకి ఒక్కో కీ, ఫోల్డర్ లాంటిది. ఎస్టిమేటెడ్‌సైజ్ మీద రెండుసార్లు నొక్కి డెసిమల్ ఎంచుకుంటే కిలోబైట్లలో కనిపిస్తుంది. సరిగ్గా 38 జీబీ అయితే 39845888 అని ఉంటుంది. 1024తో రెండుసార్లు భాగిస్తే జీబీలు వస్తాయి.

మీ రేసు ఆట సంగతి: మీరు ఇన్‌స్టాల్ చేసింది లాంచరే, అంటే ఆటని దింపి తెరిచే చిన్న ప్రోగ్రామే అయ్యుంటుంది. 1.2 దాని సైజు. తర్వాత లాంచర్ తనంతట తాను 110 జీబీ దింపుకుంది, ఆ సంగతి రిజిస్ట్రీకి ఎవరూ చెప్పలేదు. షూటింగ్ ఆట మొదట్లో 38 ఉండుంటుంది, సీజన్ మీద సీజన్ వచ్చి ఇంతైంది. అంకె లేని ఆట స్టీమ్ లాంటి ఆటలు అమ్మే స్టోర్ యాప్ ద్వారా వచ్చిందేమో చూడండి. స్టీమ్ తన లెక్క తన దగ్గరే పెట్టుకుంటుంది: స్టీమ్‌యాప్స్ ఫోల్డర్‌లో యాప్‌మ్యానిఫెస్ట్ అనే ఫైలు ఒక్కో ఆటకి ఒకటుంటుంది, అందులో సైజ్‌ఆన్‌డిస్క్ అని బైట్లలో రాసి ఉంటుంది. క్రికెట్ ఆటని అన్‌ఇన్‌స్టాల్ చేయకుండా ఫోల్డర్ తీసేశారు కాబట్టి మనిషి పోయినా రేషన్ కార్డులో పేరు మిగిలినట్టు రిజిస్ట్రీలో రాత మిగిలింది. ఆ 41 జీబీ డిస్కులో లేదు, దాని కోసం వెతకొద్దు.

మద్దిలపాలెం:

మరి ఆ ఎస్టిమేటెడ్‌సైజ్‌ని మనమే దిద్దేస్తే సరిపోదా అన్నా? నేను మా ఇంట్లో రెండు ఆటలకి అలాగే చేశాను, లిస్టు సరిగ్గా చూపిస్తోంది.

ఉక్కునగరం సిస్టమ్స్:

దిద్దితే నష్టమేం లేదు తమ్ముడూ, కానీ వచ్చే అప్‌డేట్‌తో అది మళ్లీ పాతబడుతుంది. ఆరు మిషన్లలో ప్రతిసారీ ఎక్కడ దిద్దుతారు? పొరపాటున ఆ కీ మొత్తం డిలీట్ చేస్తే అన్‌ఇన్‌స్టాల్ చేసే దారి కూడా దాంతోపాటే పోతుంది. కొత్తవాళ్లు రిజిస్ట్రీలో చూసి ఊరుకోవడమే మేలు.

ఎంవీపీ సెక్టార్ 9:

అంకుల్, నాది 256 జీబీ ల్యాప్‌టాప్, కాలేజీ ప్రాజెక్టులూ ఆటలూ అన్నీ అందులోనే, కాబట్టి ఈ బాధ నాకు బాగా తెలుసు. విజ్‌ట్రీ అనే టూల్ ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే విండోస్ డిస్కులో ఫైళ్ల జాబితా ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ పట్టికనే నేరుగా చదువుతుంది, కొన్ని సెకన్లలో ఏ ఫోల్డర్ ఎంత తింటోందో పెద్దదాన్నుంచి వరసగా చూపిస్తుంది. మీరు ఆట ఫోల్డర్లే చూశారు. ఆట బరువు అక్కడితో ఆగదు. షేడర్ క్యాష్ (బొమ్మలు తొందరగా గీయడానికి ఆట దాచుకునే ఫైళ్లు) యాప్‌డేటా అనే దాగిన ఫోల్డర్‌లో, సేవ్‌లు డాక్యుమెంట్స్‌లో, సగంలో ఆగిన డౌన్‌లోడ్లు ఇంకోచోట ఉంటాయి. పేజ్ ఫైలు (ర్యామ్ చాలనప్పుడు వాడేది), హైబర్నేషన్ ఫైలు (మిషన్ హైబర్నేట్ అయ్యేటప్పుడు ర్యామ్‌లోది దాచేది) సి డ్రైవ్‌లో దాగి ఉంటాయి, ఫోల్డర్లు ఎన్ని కూడినా అవి లెక్కలోకి రావు.

విండోస్ ఫోల్డర్‌కి మాత్రం ప్రాపర్టీస్ అంకె నమ్మకండి. హార్డ్ లింకుల వల్ల, అంటే ఒకే ఫైలుకి రెండు పేర్లుండటం వల్ల, అది రెండుసార్లు లెక్కకొచ్చి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మీ 512 జీబీ డిస్కు విండోస్‌లో 476 అని కనిపించడం వేరే సంగతి, అమ్మేవాళ్లు వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది, ఏమీ పోలేదు.

ఇంకొక్క మాట. ఆట తీసే ముందు డాక్యుమెంట్స్, యాప్‌డేటా కాపీ చేసి పెట్టుకోండి. ఆట మళ్లీ దింపుకోవచ్చు. వాళ్ల రెండు నెలలు దింపుకోలేం కదా.

గాజువాక గేమ్ సెంటర్:

అందరికీ చాలా థాంక్స్ అండి. రాత్రి విజ్‌ట్రీ వేసి చూశాను. నాలుగు ఆటలూ కలిపి 368, విండోస్‌కి ఓ 45. పేజ్ ఫైలు 16, హైబర్నేషన్ 6, షేడర్ క్యాష్ 5. సగంలో ఆగిపోయిన అప్‌డేట్ ముక్కలు 17 జీబీ, అవి ఎందుకూ పనికిరావు. లెక్క 457కి సరిపోయింది. నాలుగో మిషన్‌లోనూ అవే ముక్కలు అంతే ఉన్నాయి. అప్‌డేట్‌కి ఆ రాత్రి నాకు తక్కువైంది 15 జీబీయే. ఇవి ముందే కనబడి ఉంటే ఫుట్‌బాల్ జోలికే వెళ్లేవాణ్ణి కాదు.

రిజిస్ట్రీ కూడా చూశాను, రేసు ఆట కీలో మీరన్నట్టు లాంచర్ పేరే ఉంది. హైబర్నేషన్ ఆరింట్లోనూ ఆపీసాను, మిషన్లు ఎలాగూ రాత్రికి పూర్తిగా కట్టేస్తాం. పాత హార్డ్ డిస్క్ ఒకటి బయట పెట్టి, అన్ని మిషన్ల సేవ్‌లు రోజూ షట్టర్ దించే ముందు అందులోకి కాపీ చేస్తున్నాను.

ఫుట్‌బాల్ ఆట నాలుగో మిషన్‌లో మళ్లీ దింపాను. పెద్దవాడు నిన్న సాయంత్రం వచ్చాడు, తప్పు నాదేనని చెప్పాను. చిన్నవాణ్ణి కూడా తీసుకురమ్మన్నాను. ఆదివారం పొద్దుట్నుంచి మూసేదాకా ఆ మిషన్ వాళ్లిద్దరిదే, డబ్బులు తీసుకోను.